నలుగురికీ నప్పే సీసా

స్నేహితులు శనివారం సాయంత్రం ఇంటికి వస్తున్నారు. ఎప్పుడూ ఉండే విస్కీ, బీరు కాకుండా ఈసారి వైన్ పెడదామనుకున్నారు. తీరా షాపులో వైన్ అర ముందు నిలబడగానే చాలామందికి ధైర్యం జారిపోతుంది. పేర్లు సరిగ్గా పలకగలమో లేదో తెలియదు, ఎర్రదా తెల్లదా తేల్చుకోలేరు, వెయ్యి రూపాయల సీసాకూ నాలుగు వేల సీసాకూ తేడా ఏమిటో అడగడానికి మొహమాటం. ఆ బెరుకులో మనిషి చేసే పనులు మూడే. ఉన్నవాటిలో ఖరీదైనది తీసుకుంటాడు, లేదా షాపువాడు చేతిలో పెట్టింది తెచ్చుకుంటాడు, అదీ కాకపోతే లేబుల్ అందంగా ఉన్నదాన్ని ఎంచుకుంటాడు. ఈ మూడింటిలోనూ ఆలోచన తన పరువు చుట్టూ తిరుగుతుందే తప్ప, ఆ పూట తాగబోయే మనుషుల దాకా వెళ్లదు. ఈ అధ్యాయం చెప్పేది ఒక్కటే. సరదాగా కూర్చునే చోటికి వైన్ ఎంచుకునేటప్పుడు సీసా ఘనతను పక్కన పెట్టండి. అది ఆ రోజు తిండితో, ఎండతో, వచ్చినవాళ్లతో ఎంత బాగా కలిసిపోతుందో చూడండి. ఆ లెక్కన చూస్తే ఆల్కహాల్ తక్కువగా, పులుపు చురుగ్గా, వగరు స్వల్పంగా ఉండి చల్లగా తాగదగ్గ వైన్లే నెగ్గుతాయి. అలాంటివి సాధారణంగా ఖరీదులోనూ అందుబాటులోనే ఉంటాయి.

ధర చెప్పేదెంత?

ఖరీదు ఎక్కువైతే రుచి ఎక్కువన్న నమ్మకం బలమైనది, కాబట్టి ముందు దాని సంగతి చూడాలి. 2008లో రాబిన్ గోల్డ్‌స్టీన్, ఆయన సహ పరిశోధకులు 6,000కు పైగా రుచి పరీక్షల ఫలితాలను విశ్లేషించి ప్రచురించారు. తాగేవాళ్లకు సీసా కనిపించదు, ధర తెలియదు. వైన్‌లో ప్రత్యేక శిక్షణ లేని మామూలు జనం ఖరీదైనవాటిని ఎక్కువ ఇష్టపడలేదు సరికదా, సగటున రవ్వంత తక్కువే ఇష్టపడ్డారు. శిక్షణ పొందినవాళ్ల విషయంలో మాత్రం ఆ ధోరణి కనబడలేదు, వాళ్లకు ధరతో పాటు ఇష్టం కొంత పెరిగే సూచనలు కూడా ఉన్నాయి. ఈ రెండో ముక్కను దాచకూడదు, ఎందుకంటే అసలు పాఠం అందులోనే ఉంది. ఖరీదైన వైన్‌లో ఏమీ లేదని కాదు, అందులో ఉన్నదాన్ని అందుకోవడానికి అలవాటు, శ్రద్ధ కావాలి. కబుర్లు చెప్పుకుంటూ, పకోడీలు తింటూ, మధ్యమధ్య క్రికెట్ స్కోరు చూసుకునే గదిలో ఆ శ్రద్ధను ఎవరి దగ్గరా ఆశించలేం, ఆశించకూడదు కూడా.

మరి నిపుణులైనా నిలకడగా తీర్పు చెప్పగలరా? రాబర్ట్ హాడ్జ్‌సన్ అనే అమెరికన్ కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో ఇదే పరీక్షించాడు. ఒకే సీసాలోని వైన్‌ను న్యాయనిర్ణేతలకు వాళ్లకు తెలియకుండా మూడుసార్లు పోయించాడు. మూడుసార్లూ ఒకే పతకం స్థాయిలో మార్కులు వేసినవాళ్లు పదిమందిలో దాదాపు ఒక్కరే. అదే స్టేట్ ఫెయిర్‌లో 2007లో కాలిఫోర్నియా షార్డొనే తెల్ల వైన్లలో ఉత్తమమైనదిగా నిలిచింది ఛార్లెస్ షా అనే సీసా. ట్రేడర్ జోస్ దుకాణాల్లో మొదట్లో 2 డాలర్లకు అమ్మిన వైన్ అది. దీన్ని చూసి నిపుణులను తీసిపారేయనక్కర్లేదు. అలసిన నాలుక, ముందు తాగిన గ్లాసు, ఆ క్షణపు మనసు, అన్నీ రుచిని మారుస్తాయని మాత్రం గ్రహించాలి. రుచి ఒక్క సీసాలోనే ఉండదు, చుట్టూ ఉన్న పరిస్థితిలోనూ ఉంటుంది. ఇంటికి పిలిచినవాడి చేతిలో ఉన్నది ఆ పరిస్థితే.

దీనికి ఎదురుగా ఒక గట్టి వాదన ఉంది. 2008లోనే హిల్కే ప్లాస్‌మన్ బృందం కాలిఫోర్నియాలో 20 మందికి మెదడు స్కానింగ్ చేస్తూ వైన్ రుచి చూపించింది. ఒకే వైన్‌ను ఒకసారి 5 డాలర్లదని, ఇంకోసారి 45 డాలర్లదని చెప్పారు. ఖరీదైనదని విన్నప్పుడు బాగుందని నోటితో చెప్పడమే కాదు, ఆనందాన్ని నమోదు చేసే మెదడు భాగంలో చలనం కూడా పెరిగింది. అంటే ఖరీదు నిజంగానే ఆనందాన్ని పెంచింది కదా, అలాంటప్పుడు ఖరీదైనదే తెస్తే పోలేదా అని అడగొచ్చు. కానీ ఆ ఆనందం రావాలంటే ధర చెవిన పడాలి. వచ్చినవాళ్లకు సీసా ఖరీదు చెప్పడం మన మర్యాదల్లో లేదు, చెబితే వాళ్లకు హాయి పోయి ఇబ్బంది మిగులుతుంది. పైగా ఆ ప్రయోగం చూపించేది, మనసులోని ఎదురుచూపు రుచిని పెంచుతుందని. ఆ ఎదురుచూపును ధర లేకుండానే కలిగించవచ్చు. గ్లాసులు తళతళలాడేలా కడిగి ఉంచడం, వైన్‌ను సరైన చల్లదనంలో పోయడం, ఇది ఏ ఊరిది, ఈ వంటకంతో ఎందుకు తెచ్చామన్నది ఒక్క మాటలో చెప్పడం చాలు.

మన దేశంలో ధర గురించి ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. విదేశీ వైన్ మీద దిగుమతి సుంకం చాలాకాలం 150 శాతం ఉండేది. 2022 డిసెంబరులో అమల్లోకి వచ్చిన ఒప్పందంతో ఆస్ట్రేలియా వైన్లలో కొన్నింటికి అది తగ్గడం మొదలైంది. సుంకానికి తోడు ఏ రాష్ట్రం పన్నులు ఆ రాష్ట్రానివి. అందుచేత హైదరాబాద్‌లోనో విజయవాడలోనో విదేశీ సీసా మీద మీరు పెట్టే డబ్బులో పెద్ద వాటా పన్నులకే పోతుంది. అదే సీసా యూరప్‌లో మామూలు ఇళ్లలో రోజూ భోజనంతో తాగే రకం కావచ్చు. అరలో పక్కపక్కన నిలబడ్డ రెండు సీసాల ధరల్లో తేడా, వాటి రుచిలో తేడాకు కొలత కాదు.

చూడాల్సిన నాలుగు గుణాలు

ధర కాకపోతే మరి దేన్ని చూడాలి? మొదటిది ఆల్కహాల్ శాతం. లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉండే ఈ అంకె అక్కడున్న మాటలన్నిటికన్నా ఎక్కువ సమాచారం ఇస్తుంది. 12 శాతం చుట్టుపక్కల ఉన్నది తేలిక, 14 దాటితే బరువు. మూడు గంటలు సాగే సిట్టింగ్‌కు తేలికైనదే మేలు. రెండోది పులుపు. నోట్లో నీళ్లూరించే చురుకైన పులుపు ఉన్న వైన్ ఒక ముద్దకూ ఇంకో ముద్దకూ మధ్య నాలుకను కడిగినట్టు చేస్తుంది, ఆ పులుపు లేనిది రెండో గ్లాసుకే మొహం మొత్తిస్తుంది. మూడోది వగరు. ద్రాక్ష తొక్కల నుంచి, గింజల నుంచి, ఓక్ పీపాల నుంచి వచ్చే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టుకుని, నేరేడుపండు తిన్నప్పుడు పట్టేసినట్టుగా నోటిని ఆరబెడతాయి. కొవ్వు బాగా ఉన్న మాంసంతో అది అందమే. తొలిసారి వైన్ తాగేవాళ్లకు మాత్రం ‘ఇదేంటి ఇలా ఉంది’ అనిపించేది ఎక్కువగా దీనివల్లే. నాలుగోది తీపి. పూర్తిగా తీపి లేనిదాన్ని డ్రై అంటారు. పులియడం ఆగాక కొద్దిగా చక్కెర మిగిలితే ఆఫ్ డ్రై. మన కారాలకు ఆ కొద్దిపాటి తీపి ఎంత మేలు చేస్తుందో ఇప్పుడు చూద్దాం.

వైన్ పుస్తకాలు ఎక్కువగా వెన్న, చీజ్, కాల్చిన మాంసం తినే ఊళ్లలో పుట్టాయి. మన మంచింగ్ వేరు. కోడి వేపుడు, రొయ్యల వేపుడు, మిరపకాయ బజ్జీలు, ఉల్లిపాయ ముక్కలూ నిమ్మరసమూ కలిపిన మసాలా పల్లీలు, ఆ తర్వాత బిర్యానీ. వీటన్నిటిలో సామాన్యమైనవి కారం, ఉప్పు, పులుపు, నూనె. మిరపలోని కాప్సైసిన్ నాలుక మీద వేడిని కనిపెట్టే గ్రాహకాన్నే తట్టిలేపుతుంది, అందుకే కారం మంటగా తెలుస్తుంది. ఆల్కహాల్ అదే గ్రాహకాన్ని మరింత సున్నితం చేస్తుంది. మామూలుగా 42 డిగ్రీల దగ్గర స్పందించేది, ఆల్కహాల్ తగిలితే శరీర ఉష్ణోగ్రత కన్నా తక్కువలోనే స్పందించడం మొదలుపెడుతుంది. గుంటూరు మిర్చి వేసిన వేపుడు పక్కన 14.5 శాతం ఆల్కహాల్ ఉన్న షిరాజ్ ఎర్ర వైన్ పెడితే జరిగేది ఇదే. కారం రెట్టింపవుతుంది, వగరు చేదుగా మారుతుంది, తాగినవాళ్లు వైన్ బాగాలేదంటారు. తప్పు వైన్‌ది కాదు, వేపుడుది కాదు, ఆ రెంటినీ ఒకచోట పెట్టినవాళ్ల ఎంపికది. అదే వేపుడు పక్కన ఆల్కహాల్ తక్కువగా, కాస్త తీపిగా, చల్లగా ఉన్న తెల్ల వైన్ పెట్టి చూడండి. తీపి మంటను తగ్గిస్తుంది, చల్లదనం నాలుకకు ఊరటనిస్తుంది, మసాలా సువాసన విడిగా తెలుస్తుంది.

పులుపు సంగతి ఇంకా ఆసక్తికరం. చింతపండుకు పులుపునిచ్చే టార్టారిక్ ఆమ్లమే ద్రాక్షలోనూ ప్రధానమైన ఆమ్లం. పులిహోర, చేపల పులుసు తినే నాలుకకు వైన్ పులుపు కొత్త కాదు, పాత పరిచయమే. ఇక్కడ పాటించాల్సిన సూత్రం సులువైనది. తిండి ఎంత పుల్లగా ఉంటే వైన్ కూడా కనీసం అంత పుల్లగా ఉండాలి. లేకపోతే పులుసు ముద్ద తిన్నాక తాగిన వైన్ నీళ్లలా చప్పగా అనిపిస్తుంది. గోంగూర మాంసం ఉన్న విందుకు మాంసం ఉంది కదా అని బరువైన ఎర్ర వైన్ తెస్తే దెబ్బతినేది అందుకే, అక్కడ ఏలేది గోంగూర పులుపే. ఉప్పు మాత్రం అందరికీ మిత్రుడు. అది వగరునూ చేదునూ తగ్గిస్తుంది కాబట్టి ఉప్పు తగిలిన జీడిపప్పు, జంతికలు దాదాపు ఏ వైన్‌తోనైనా సర్దుకుపోతాయి. నూనె వంటకాలకు బుడగలున్న వైన్ బాగుంటుంది. బుడగల చురుకు కారాన్ని కాస్త ఎగదోస్తుంది కాబట్టి దాన్ని మిరపకాయ బజ్జీల కన్నా ఉల్లి పకోడీ, చేగోడీల పక్కన పెట్టడం మంచిది. ఆవకాయ పక్కన ఏ వైనూ నిలవదు, ఆ రెండింటినీ వేర్వేరు పూటలకు ఉంచండి.

అరలోంచి ఏది తీయాలి?

తెలుగు రాష్ట్రాల్లో దొరికే మన దేశపు వైన్లలో ఎక్కువ భాగం మహారాష్ట్ర, కర్ణాటకల నుంచి వస్తాయి. 1990ల చివర రాజీవ్ సామంత్ నాసిక్ దగ్గర మొదలుపెట్టిన సూలా, బెంగళూరు పక్కన నంది కొండల దగ్గర గ్రోవర్, సోలాపూర్ జిల్లా అక్లూజ్‌లో ఫ్రాటెల్లీ వీటిలో పేరున్నవి. సరదా సిట్టింగ్‌కు మొదట చూడాల్సింది షెనిన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్షతో చేసినది. నాసిక్ నేలలో అది బాగా కుదిరింది, పులుపు ఉంటుంది, సూలా వారిదైతే కొద్దిగా తీపి కూడా మిగులుతుంది. తీపి వద్దనుకునేవాళ్లకు సావిన్యోఁ బ్లాంక్. పచ్చి మామిడి, జామ, కోసిన గడ్డి గుర్తుకొచ్చే వాసనతో, మరింత పుల్లగా ఉంటుంది. బిర్యానీ ఉంటే రోజే, అంటే గులాబీ రంగు వైన్, అన్నిటికన్నా భద్రమైన ఎంపిక. తెల్లదాని చల్లదనమూ, ఎర్రదాని పండ్ల రుచీ రెండూ అందులో ఉంటాయి. బుడగలు కావాలంటే నాసిక్ జిల్లా దిండోరిలో తయారయ్యే షాండాన్ బ్రూట్ లాంటివి ఉన్నాయి. ఎర్రదే కావాలనే మిత్రుడు ప్రతి గుంపులోనూ ఒకరుంటారు. వాళ్ల కోసం ‘రిజర్వ్’ అని రాయని, ఆల్కహాల్ 13 దాటని మామూలు ఎర్రది తీసుకుని కాస్త చల్లబరచండి. లేబుల్ మీద రిజర్వ్ అని ఉంటే సాధారణంగా ఓక్ పీపాల్లో కొన్నాళ్లు ఉంచిందని, వగరు, బరువు ఎక్కువని అనుకోవచ్చు. హైదరాబాద్‌కు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు హంపి కొండల దగ్గర నెలకొల్పిన క్రస్మా వారి కాబెర్నే సావిన్యోఁ లాంటివి తీరిగ్గా భోజనం ముందు కూర్చుని రుచి చూడాల్సినవి. వాటికి వాటి పూట వేరే ఉంది.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు ఇంట్లో వారాంతపు పాట్‌లక్‌కు అయితే చేతికందేవి ఇంకా ఎక్కువ. జర్మనీ రీస్లింగ్ తెల్ల వైన్లలో కాబినెట్ అని రాసి ఉన్నవి 8 నుంచి 10 శాతం ఆల్కహాల్‌తో, పులుపూ తీపీ సమంగా ఉండి, మన కారానికి పుట్టినట్టే ఉంటాయి. పోర్చుగల్ వీన్యో వెర్డే చవకైనది, తేలికైనది, కొన్నిటిలో సన్నని బుడగలు కూడా ఉంటాయి. ఇటలీ నుంచి వచ్చే మొస్కాతో దాస్తి దాదాపు 5 శాతమే. తియ్యగా ఉంటుంది కాబట్టి మొదటిసారి తాగేవాళ్లకూ, చివర్లో డబుల్ కా మీఠాకూ సరిపోతుంది. ఇటలీదే అయిన బుడగల వైన్ ప్రొసెక్కో కొనేటప్పుడు ఒక చిక్కుంది. ‘ఎక్‌స్ట్రా డ్రై’ అని రాసినది ‘బ్రూట్’ కన్నా తియ్యనిది, మాట చూసి మోసపోవద్దు. ఎర్రదానికి ఫ్రాన్సులోని బోజొలే ప్రాంతంలో గామే ద్రాక్షతో చేసినది వెతకండి. వగరు చాలా తక్కువ, చల్లబరచినా రుచి చెడదు.

ఇక్కడ ఎప్పుడూ వినిపించే ఒక నమ్మకానికి జవాబు చెప్పుకోవాలి. వైన్ ఎంత పాతదైతే అంత మంచిదంటారు. గట్టి టానిన్లూ పులుపూ ఉన్న కొన్ని వైన్ల విషయంలో అది నిజం. ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో అత్యధిక భాగం మాత్రం కొద్ది సంవత్సరాల్లో తాగేయడానికే చేస్తారు. నాసిక్‌లో ద్రాక్ష కోతలు జనవరి నుంచి మార్చి వరకు జరుగుతాయి. యూరప్‌లో లాగా చలికాలంలో తీగ నిద్రపోదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరించి, వానలు తప్పించి పండిస్తారు. అందుకని సీసా మీద ఉన్న సంవత్సరం ఆ ఏడాది తొలి నెలల్లో కోసిన పండ్లకు గుర్తు. తెల్లదైనా రోజే అయినా ఆ కోత తర్వాత రెండేళ్లలోపు తాగితేనే తాజాదనం దక్కుతుంది. ఎండ తగిలే అద్దాల బీరువాలో నెలల తరబడి నిలబెట్టిన సీసాను, కార్క్ కొంచెం పైకి తోసుకొచ్చిన సీసాను తీసుకోకండి. మన ఎండలకు వైన్ లోపలే ఉడికిపోతుంది. తిప్పి తీసే మూత ఉన్న సీసాను చిన్నచూపు చూడనక్కర్లేదు. త్వరగా తాగేవాటికి ఆ మూత చక్కగా సరిపోతుంది, పార్టీలో కార్క్ తీసే పరికరం వెతుక్కునే పని కూడా ఉండదు.

చల్లదనం, కొలత

ఎంత మంచి ఎంపికైనా వెచ్చగా పోస్తే పాడైపోతుంది. ఎర్ర వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాట యూరప్‌లోని చల్లని రాతి ఇళ్లది, ఆ గదులు 16 నుంచి 18 డిగ్రీలు. వేసవిలో మన హాలు రాత్రి ఎనిమిదింటికి కూడా 32 డిగ్రీలుంటుంది. ఆ వేడిలో ఆల్కహాల్ ముక్కులోకి గుప్పుమంటుంది, పండ్ల వాసన మాయమవుతుంది. ఎర్రదాన్ని తాగే ముందు అరగంట నుంచి ముప్పావుగంట ఫ్రిజ్‌లో ఉంచండి. తెల్లది, రోజే రెండు మూడు గంటలుండాలి, తాగేటప్పుడు 8 నుంచి 10 డిగ్రీలు బాగుంటుంది. మరిచిపోయారా? బకెట్‌లో సగం ఐసు, సగం నీళ్లు పోసి, గుప్పెడు ఉప్పు వేసి, సీసాను మెడ దాకా ముంచితే ఇరవై నిమిషాల్లో సిద్ధం. ఒట్టి ఐసు ముక్కల మధ్య పెడితే ఇంత త్వరగా చల్లబడదు, నీళ్లే సీసా చుట్టూ అంటుకుని వేడిని లాగుతాయి. గ్లాసులో మూడో వంతే పోయండి. కొద్దికొద్దిగా పోస్తే ప్రతిసారీ చల్లగా ఉంటుంది, ఎంత తాగుతున్నామో కూడా తెలుస్తుంది.

ఆ తెలియడమే ముఖ్యం. 750 మిల్లీలీటర్ల సీసాలో 150 మిల్లీలీటర్ల గ్లాసులు ఐదు వస్తాయి. 12.5 శాతం వైన్ ఒక గ్లాసులో దాదాపు 15 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, అంటే 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గులు ఒకటిన్నర. వైన్ కదా, ఏమీ కాదన్న మాట ఈ లెక్క ముందు నిలవదు. శరీరం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములే కరిగించుకోగలదు, అందుకని ఒక్కో గ్లాసుకు ఒకటిన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. ఎనిమిది మంది వస్తే, వాళ్లలో ఆరుగురు తాగేవాళ్లయితే, తలా రెండు గ్లాసుల చొప్పున మూడు సీసాలు చాలు. రెండు తెల్లవి, ఒకటి రోజే లేదా ఎర్రది. మిగిలితే మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే మూడు రోజులు బాగానే ఉంటుంది, కాబట్టి మిగులుతుందని తొందరపడి అందరి గ్లాసులూ నింపనక్కర్లేదు. బండి నడిపేవాళ్ల విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద నేరం. మొదటిసారికే ఆరు నెలల దాకా జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు. సన్నగా ఉన్న మనిషికి ఒక్క గ్లాసుతోనే ఆ పరిమితి చేరువవుతుంది. పిలిచినవాళ్లే క్యాబ్ బుక్ చేసి పంపడం కూడా ఆతిథ్యంలో భాగమే.

మూడు అభ్యంతరాలు

చవకైనది పెడితే వచ్చినవాళ్లను తక్కువ చేసినట్టు కాదా అన్నది మొదటి అభ్యంతరం. తక్కువ చేయడమంటే వాళ్ల గురించి ఆలోచించకపోవడం. ఎవరు కారం ఎక్కువ తింటారు, ఎవరికి వగరు పడదు, ఎవరు మొదటిసారి రుచి చూస్తున్నారు అని తలచి తెచ్చిన వెయ్యి రూపాయల సీసాలో గౌరవం ఉంది. ఏమీ తలచకుండా తెచ్చిన అయిదు వేల సీసాలో ఉన్నది డబ్బు మాత్రమే. పైగా ఖరీదైన సీసా పెట్టినవాడు మెచ్చుకోలు కోసం చూస్తాడు, తాగేవాడు మెచ్చుకోవాల్సిన బాధ్యత మోస్తాడు. స్నేహితుల మధ్య ఆ బరువు ఎందుకు?

తేలికవీ తీపివీ వైన్ తెలియనివాళ్ల కోసమన్నది రెండోది. రీస్లింగ్ కాబినెట్‌ను వైన్ లోతుగా తెలిసినవాళ్లు ఎంతో గౌరవిస్తారు, తేలిక అన్నది నాణ్యతకు వ్యతిరేకం కాదు. వెయ్యి మందికి పాడే పాటనూ ఊయల దగ్గర పాడే పాటనూ ఒకే కొలతతో కొలవం. గొప్ప వైన్ తనవైపే చూడమంటుంది, సరదా సాయంత్రం మనుషులు ఒకరివైపు ఒకరు చూసుకోవడానికి. ఈ సంగతి తెలిసి తేలికైనదాన్ని ఎంచుకోవడం అజ్ఞానం కాదు, వివేకం.

మూడోది అన్నిటికన్నా బరువైనది: అసలు మద్యం ఎందుకు? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. ఎర్ర వైన్ గుండెకు మంచిదన్న ప్రచారం 1991లో అమెరికన్ టీవీలో ఫ్రెంచివాళ్ల ఆరోగ్యంపై వచ్చిన కార్యక్రమంతో ఊపందుకుంది, మన దగ్గర ఇప్పటికీ వినిపిస్తుంది. కానీ ఆల్కహాల్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1988లోనే మానవులకు క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. ఏ మోతాదులోనూ మద్యం సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో ప్రకటించింది. కాబట్టి ఈ అధ్యాయం ఎవరినీ తాగమని చెప్పదు, వైన్‌ను మందుగా చూపదు. తాగాలని ముందే నిర్ణయించుకున్న పెద్దలకు, తక్కువ ఆల్కహాల్‌తో, తిండితో, నెమ్మదిగా సాగే మార్గం చూపుతుంది, అంతే. తెలుగు రాష్ట్రాల్లో 21 ఏళ్లలోపు వాళ్లకు మద్యం ఇవ్వకూడదన్నది చట్టం. గర్భిణులకు, మందులు వాడుతున్నవాళ్లకు, మానేసినవాళ్లకు ఒక్క గుక్క కూడా పోయకూడదన్నది మనిషితనం.

ఇక్కడే మన సిట్టింగుల్లో ఒక దురలవాటు గురించి గట్టిగా చెప్పాలి. వద్దన్నవాళ్లను బలవంతపెట్టడాన్ని మర్యాదగా భావిస్తాం. ‘ఒక్క పెగ్గేగా బావా’, ‘మా ఇంటికొచ్చి తాగకపోతే ఎలా’ అన్న మాటలు ఎంత ప్రేమతో అన్నా, అవతలి మనిషి నిర్ణయాన్ని పక్కకు నెట్టేవే. అన్నంలో ఇంకాస్త నెయ్యి వేసుకోమని బతిమాలడం వేరు, ఇది వేరు. తాగనివాళ్ల కోసం కూడా అంతే శ్రద్ధగా ఏదో ఒకటి సిద్ధం చేయండి. పుదీనా వేసిన నిమ్మ షర్బత్, ద్రాక్షరసంలో సోడా, చిక్కగా చిలికిన మసాలా మజ్జిగ, ఏదైనా సరే అదే గ్లాసులో, అదే చల్లదనంలో ఇవ్వండి. ఎందుకు తాగడం లేదని అడగకండి. నలుగురికీ నప్పే ఎంపిక అంటే వైన్ వద్దన్న ఆ నాలుగో మనిషికీ నప్పాలి.

వచ్చే శనివారానికి చేయాల్సింది ఇంతే. వంట ఏమిటో ముందు తేల్చుకోండి, లేబుల్ మీద ఆల్కహాల్ శాతమూ సంవత్సరమూ చదవండి, రెండు తెల్లవీ, ఒక రోజే వైనూ తెచ్చి మధ్యాహ్నమే ఫ్రిజ్‌లో పెట్టండి, తాగనివాళ్లకు షర్బత్ కలపండి, తిరిగి వెళ్లేటప్పుడు ఎవరు ఎలా వెళ్తారో ముందే మాట్లాడుకోండి. వైన్ పరిజ్ఞానం కావాలనుకుంటే తర్వాత తీరిగ్గా పెంచుకోవచ్చు. మంచి ఆతిథ్యానికి అది ముందస్తు షరతు కాదు. ఎదుటివాళ్ల హాయిని తన పరువు కన్నా ముందు పెట్టగలిగినవాడు షాపులో ఏ అర ముందు నిలబడినా తడబడడు.